పడుగే బొమ్మ గీసిన ఊరు

మన కథల్లో రాణులకు చీని చీనాంబరాలు కట్టబెడతాం. ఆ చీనా పట్టుల్లో ఒక రకం తన ఊరికే పేరు పెట్టింది. సిచువాన్‌లోని చెంగ్డూకి పాత పేరు జిన్‌గ్వాన్‌చెంగ్. 'జిన్' అంటే రంగురంగుల బొమ్మలు నేసిన పట్టు, 'గ్వాన్' అంటే సర్కారు అధికారి, 'చెంగ్' అంటే కోటగోడ ఉన్న నగరం. నేతను అజమాయిషీ చేసే అధికారి కొలువున్న చోటు కాబట్టి ఆ పేరు. ఊళ్లో పారే నది కూడా జిన్‌జియాంగే. ఆ నీళ్లలో జాడిస్తేనే రంగు తేలుతుందని, వేరే ఏటికి ఆ గుణం లేదని పాత రాతలున్నాయి. ఏటి మహిమ మాట ఎలా ఉన్నా జాడింపు మాత్రం అవసరమే. అంటీ అంటని రంగును, మిగిలిన జిగురును పారే నీరు లాక్కుపోతుంది, మళ్లీ బట్టకు అంటనివ్వదు.

అసలు విశేషం మగ్గంలో ఉంది. మగ్గం మీద నిలువుగా సాగే పోగులు పడుగు, అడ్డంగా నేసేది పేక. మన గద్వాల, ధర్మవరం చీరల్లో బుటా అదనపు పేకతో వస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలపు జిన్‌లో బొమ్మంతా పడుగుదే. 1995లో పడమటి చైనా షిన్‌జియాంగ్‌లోని నియా అనే పాత ఊరి శిథిలాల్లో ఒక ముంజేతి పట్టీ దొరికింది. దాన్ని చెంగ్డూ ప్రాంతపు నేతగానే భావిస్తారు. అందులో సెంటీమీటరుకు 220 పడుగు పోగులు, ఐదు రంగులు. ఐదు రంగుల పోగులూ ఒక జట్టు. ప్రతి వరుసలో జట్టులోని ఒక పోగు పైకి లేస్తుంది, తక్కిన నాలుగూ వెనక దాక్కుంటాయి. అంటే ఏ వరుసలో చూసినా పడుగులో అయిదింట నాలుగు వంతులు కంటికి కనబడవు. ఇంత పట్టు మింగే బట్ట కనుక, జిన్ అనే చైనా అక్షరంలో బంగారం గుర్తు ఉండటం ఊరికే కాదు.

ఏ పోగు లేవాలో గుర్తుపెట్టుకునేది ఎవరు? చట్రాలు, అంటే తమకు కట్టిన పోగులను ఒకేసారి పైకి ఎత్తేవి. 2012-13లో చెంగ్డూ శివారు లావోగ్వాన్‌షాన్ దగ్గర క్రీ.పూ. 2వ శతాబ్దపు సమాధిలో నాలుగు చెక్క మగ్గాల నమూనాలు బయటపడ్డాయి. వాటి ఆధారంగా పూర్తి మగ్గం కట్టి, 2018 నాటికి ఆ పట్టీని మళ్లీ నేశారు. పడుగు 10,470 పోగులు, అంటే 2,094 జట్లు. బొమ్మకు 84 చట్రాలు, బట్ట అల్లికకు మరో 2. ఒక్కో బొమ్మ చట్రం ఒక్కో జట్టు నుంచి ఒక్క పోగును ఎత్తాలి. 84ను 2,094తో గుణించండి: దాదాపు 1.76 లక్షల ముడులు, అన్నీ చేత్తోనే. ఎక్కించడానికే ఏడాదికి పైగా పట్టింది.

ఇక్కడే ఒక చక్కని లెక్క ఉంది. బొమ్మ వరుస ఒకటి, అల్లిక వరుస ఒకటి చొప్పున 84 చట్రాలకు 168 పేకలు. సెంటీమీటరుకు 24 పేకలు కాబట్టి 7 సెంటీమీటర్లకే బొమ్మ మళ్లీ మొదలవుతుంది. వెడల్పులో మాత్రం 48 సెంటీమీటర్ల బట్ట అంచు నుంచి అంచు దాకా తిరిగి రాకుండా సాగుతుంది. పొడవు పెరగాలంటే చట్రాలు పెరగాలి, వెడల్పుకు ఆ ఖర్చు లేదు. అందుకే హాన్ జిన్ బొమ్మలు అడ్డంగా సాగి, నిలువున పొట్టిగా ఉంటాయి. ఒక చట్రంలో ఒక్క పోగు తప్పు ఎక్కితే ప్రతి 7 సెంటీమీటర్లకూ అదే చోట తప్పు రంగు పలుకుతుంది. అంత ఒత్తు పడుగులో పోగులు రాసుకుని నూగు లేస్తే పడుగు మధ్య దారి సరిగ్గా తెరుచుకోదు, పేకను మోసే నాడె తప్పు పోగుల కింద నుంచి దూరుతుంది. ఒక్క గూటి నుంచే వందల మీటర్లు తెగకుండా వచ్చే పట్టు కాబట్టి ఈ రాపిడిని తట్టుకుంది.

చట్రాలు పెరిగితే వాటిని లేపడానికి తొక్కే పలకలు పెరిగి కాలికి చోటు చాలదు. చెంగ్డూ దగ్గరి షువాంగ్‌లియూలో ఇటీవలి కాలం దాకా వాడిన మగ్గాల్లో సన్నని పలకల మీద వెదురు మేకులు ఎడంఎడంగా కొట్టి, పాదానికి ఆనవాలు పెట్టారు.

తర్వాత వచ్చిన మగ్గంలో మనిషి పైన కూర్చుని తాళ్లు లాగుతాడు, బొమ్మ తాళ్లలో నిలుస్తుంది, పొడవుకు హద్దు పోయింది. 1083లో చెంగ్డూలో పెట్టిన సర్కారు నేతశాల లెక్కల్లో ఈ మార్పు కనబడుతుంది: 154 మగ్గాలు, 154 మంది నేసేవాళ్లు, 164 మంది తాళ్లు లాగేవాళ్లు. ఏడాదికి పట్టు 1,25,000 లియాంగ్‌లు, రంగు సరుకు 2,11,000 జిన్‌లు (ఇది తూకం పేరు, బట్ట కాదు). జిన్‌కు 16 లియాంగ్‌లు, కాబట్టి రంగు సరుకు పట్టుకు 27 రెట్లు! ఆ తూకమంతా మొక్కలదే. ఎరుపునిచ్చే కుసుమ పువ్వునే చూడండి. ముందు నీళ్లలో పసుపును కడిగి పారబోసి, తర్వాత క్షారంతో ఎరుపు లాగాలి. రేకుల బరువులో ఆ ఎరుపు నూటికి ఒక పాలు కూడా ఉండదు.