అసమానత, ఓటరు మనసు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

జనం ఓటెందుకు వేస్తారు, ఎందుకు మానేస్తారు, ఎవరి మీద కోపం పెంచుకుంటారు? సర్వేలతో, ప్రయోగాలతో వీటికి జవాబులు వెతకడమే రాజకీయ మనస్తత్వశాస్త్రంలో మేం చేసే పని. ఆర్థిక అసమానత ప్రజాస్వామ్యానికి చేటు చేస్తుందా అంటే తడుముకోకుండా అవుననే అంటాను. పేచీ అంతా ఎలా చేస్తుందన్న దగ్గరే. బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: అంతరాలు పెరిగితే పేదలు ఊరుకోరు, ఓటుతోనో వీధికెక్కో లెక్క సరిచేస్తారు

మా రంగమూ చాలాకాలం ఇలాగే నమ్మింది. 1981లో ఆర్థికవేత్తలు అలన్ మెల్ట్జర్, స్కాట్ రిచర్డ్ ఒక చక్కని లెక్క చెప్పారు. ఓటర్లందర్నీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలిచే వ్యక్తి సంపాదన దేశ సగటు కంటే తక్కువే ఉంటుంది. ఆ తేడా పెరిగేకొద్దీ పన్నులు వేసి పంచిపెట్టడం అతనికి లాభం. గెలవాలంటే అతని ఓటు కావాలి కాబట్టి పార్టీలు అటే మొగ్గాలి. కాగితం మీద ఎక్కడా వంక పెట్టలేం. కానీ దేశాలవారీగా లెక్కలు తీస్తే ఆ ఫలితం నిలకడగా కనబడదు.

కనబడేది మరొకటి. సంపన్న ప్రజాస్వామ్య దేశాల సర్వేలను పరిశీలించి ఫ్రెడరిక్ సోల్ట్ 2008లో ఒక పరిశోధన ప్రచురించాడు. అసమానత ఎక్కువగా ఉన్న చోట రాజకీయాల మీద ఆసక్తి, నలుగురితో చర్చ, ఓటు వేయడం మూడూ తగ్గుతున్నాయి. ఒక్క పై వర్గంలో తప్ప. ఆదాయం తగ్గేకొద్దీ ఈ నీరసం మరింత ఎక్కువ. డబ్బున్నవాళ్లు చట్టాలనే కాదు, ఏది చర్చకు రావాలో కూడా నిర్ణయిస్తారు. తన గోడు చర్చలోకే రానప్పుడు మనిషి ఏం చేస్తాడు? 'మన చేతుల్లో ఏముంది' అనుకుని పక్కకు తప్పుకుంటాడు. తిరుగుబాటుకు హెడ్‌లైన్లు దొరుకుతాయి, ఈ తప్పుకోవడానికి దొరకవు. అందుకే ఎవరి కంటా పడదు.

ఇక్కడ కొందరు మరో అడుగు ముందుకేసి, అట్టడుగున ఉన్నవాళ్లే ఉన్న వ్యవస్థను అందరికంటే గట్టిగా సమర్థిస్తారని అంటారు. జాన్ జోస్ట్, మహ్జరీన్ బనాజీ 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి పుట్టిన వాదన ఇది. లోకం న్యాయంగానే ఉందని నమ్మితే మనసుకు ఊరట అన్నంతవరకు ఒప్పుకోవచ్చు. 'పేదలే అందరికంటే ఎక్కువ' అన్న మాట మాత్రం తర్వాతి పెద్ద సర్వేల పరీక్షలో నిలబడలేదు. పేదవాడి మౌనాన్ని అంగీకారం కింద జమ కట్టడం నాకెప్పుడూ నచ్చని అలవాటు.

మినహాయింపు ఉందా? ఉంది, పెద్దదే. భారతదేశంలో పేదలు పైవర్గాల కంటే తక్కువగా ఓటేయరు. 1990ల నుంచీ సర్వేలు చెబుతున్నది ఇదే. కాబట్టి పేదరికానికీ ఓటుకు దూరం కావడానికీ మధ్య ఉన్నది విడదీయలేని ముడి కాదు.

అపోహ: ఎంత అసమానత ఉందో జనానికి తెలుసు, తెలిసే స్పందిస్తున్నారు

మైకేల్ నార్టన్, డాన్ ఏరియలీ 2011లో ప్రచురించిన సర్వేలో అమెరికన్లను ఒక ప్రశ్న అడిగారు: దేశ సంపదలో పై 20 శాతం మంది చేతిలో ఎంత ఉంది? జనం చెప్పిన అంచనా 59 శాతం దగ్గర తేలింది. అసలు సంఖ్య దాదాపు 84. ఎంత ఉంటే బాగుంటుందంటే 32 చాలన్నారు.

వ్లదిమిర్ గింపెల్‌సన్, డేనియల్ ట్రీస్మన్ అనేక దేశాల సర్వేలతో ఇంకాస్త లోతుకు వెళ్లారు. సమాజంలో పైన, మధ్యన, కింద ఎంతెంత మంది ఉన్నారో చూపే కొన్ని బొమ్మలిచ్చి మీ దేశానిది ఏదో చెప్పమంటే, చాలా దేశాల్లో జనం సరైన బొమ్మను పట్టుకోగలిగింది చీటీ తీసినదానికంటే కాస్త మెరుగ్గా, అంతే. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ప్రభుత్వం అంతరాలు తగ్గించాలన్న కోరికకు నిజమైన అసమానతతో సంబంధం అంతంతమాత్రం. ఉందనుకున్న అసమానతతో మాత్రం సంబంధం గట్టిది.

ఇది అర్థమైతే చిలీ అర్థమవుతుంది. అక్కడ గినీ సూచీ (సున్నా అంటే పూర్తి సమానత్వం, 1 అంటే అంతా ఒక్కరి చేతిలోనే) 1990లో దాదాపు 0.57 ఉండేది, 2017కి 0.44 దగ్గరకు దిగింది. పేదరికమూ బాగా తగ్గింది. గణాంకాలు చూసేవాళ్లకు అది విజయగాథ. 2019 అక్టోబరులో రాజధాని శాంటియాగోలో మెట్రో టికెట్ 30 పెసోలు పెంచగానే దేశం భగ్గుమంది. '30 పెసోలు కాదు, 30 ఏళ్లు' అన్నది వీధుల్లో నినాదం, అంటే 1990లో సైనిక పాలన ముగిసినప్పటి నుంచీ పేరుకున్న కోపం. ఆదాయాల దూరం తగ్గినా వైద్యం, చదువు, పెన్షన్ దగ్గర 'వాళ్లకో వరస, మాకో వరస' అన్న అనుభవం తగ్గలేదు. మనిషి గినీ సూచీని చూడడు, తననెలా చూస్తున్నారో చూస్తాడు. అయితే ఆ కోపం ఒక దిక్కుకు సాగిందా అంటే అదీ లేదు. 2020లో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు, 2022లో వచ్చిన ముసాయిదాను 62 శాతం మంది తోసిపుచ్చారు.

అపోహ: బలమైన నాయకుడి వెంట పడేది బాగా చితికిపోయినవాళ్లే

1932 నాటికి జర్మనీలో నిరుద్యోగులు 60 లక్షల వరకు ఉన్నారు. 1928లో 2.6 శాతం ఉన్న నాజీ ఓటు 1932 జులైకి 37.3 శాతానికి చేరింది. ఈ రెండింటినీ కలిపి గీత గీయడం తేలిక. ఓట్ల లెక్కలు వేరే కథ చెబుతాయి: ఉద్యోగం పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీలకు గట్టి మద్దతు ప్రొటెస్టెంట్ ప్రాంతాల చిన్న రైతులు, చిన్న వ్యాపారుల నుంచి వచ్చింది. అంటే ఇంకా ఏదో మిగిలి ఉండి, అదీ పోతుందేమోనని భయపడినవాళ్లు.

కింద పడడం వేరు, కింద పడతామన్న భయం వేరు. అమెరికాలో ఇలియానా కుజియెంకో, సహచరులు గమనించింది ఇక్కడ పనికొస్తుంది. కనీస వేతనం పెంచొద్దని అందరికంటే ఎక్కువగా అన్నవాళ్లు ధనికులు కారు, ఆ వేతనానికి ఇసుమంత పైన సంపాదిస్తున్నవాళ్లు. అది పెరిగితే ఆఖరి మెట్టు మీద తామూ ఉంటామని వాళ్ల బాధ.

హెన్రీ టాజ్‌ఫెల్ 1970 ప్రాంతంలో బ్రిస్టల్ స్కూలు పిల్లలతో చేసిన ప్రయోగం ఇంకా కలవరపెడుతుంది. తెర మీద చుక్కల అంచనా వంటి అల్పమైన నెపంతో పిల్లల్ని రెండు గుంపులు చేశారు. డబ్బు పంచమంటే, తమ గుంపుకు కాస్త తక్కువ వచ్చినా సరే, అవతలి గుంపు కంటే తేడా ఎక్కువ ఉండే పద్ధతికే చాలామంది మొగ్గారు. చుక్కలకే అంతైతే మతానికి, జాతికి, భాషకు ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. తెలివైన నాయకుడు జారిపోతామన్న భయాన్ని పైన ఉన్నవాళ్ల మీద నుంచి పక్కనున్నవాళ్ల మీదికి మళ్లిస్తాడు. అసమానత అలాగే ఉంటుంది, దోషి మారిపోతాడు.

అపోహ: ప్రజాస్వామ్యాన్ని కోరుకునే ఓటరు దానికి ద్రోహం చేసినవాణ్ని శిక్షిస్తాడు

మంచిదేనా అని అడిగితే దాదాపు ఏ దేశంలోనైనా అత్యధికులు ప్రజాస్వామ్యం మంచిదనే అంటారు. నా దృష్టిలో ఆ ప్రశ్న దాదాపు వృథా. మాథ్యూ గ్రహమ్, మిలాన్ స్వోలిక్ (2020) అలా అడగలేదు. నచ్చిన విధానాలున్న అభ్యర్థే ప్రజాస్వామ్య నియమాన్ని కాలరాస్తే ఏం చేస్తారో ప్రయోగంలో చూశారు. తమవాణ్ని కాదనుకున్నవాళ్లు సుమారు 3.5 శాతం. రెండు శిబిరాల మధ్య దూరం ఎంత పెరిగితే ఈ సూత్రనిష్ఠకు చెల్లించే ధర అంత పెరుగుతుంది. 'అవతలివాడు వస్తే మన బతుకు అయిపోయింది' అనుకున్నవాడికి కోర్టుల స్వతంత్రత చిన్న సంగతి.

అపోహ: సమానత్వం ఉంటే చాలు, ప్రజాస్వామ్యం భద్రం

హంగరీ గినీ 0.30 దగ్గర, యూరప్‌లో సాధారణ స్థాయే. ఆ దేశం ఇక పూర్తి ప్రజాస్వామ్యం కాదని యూరోపియన్ పార్లమెంట్ 2022లో తీర్మానించింది. దక్షిణాఫ్రికా గినీ 0.63 దగ్గర, ప్రపంచంలోనే అత్యధిక స్థాయి. అక్కడ 2024లో అధికార పార్టీ మెజారిటీ పోగొట్టుకుని ఫలితాన్ని ఒప్పుకుంది. రెండు దేశాలతో సూత్రం చెరిగిపోదు లెండి. ఎన్నికైన నేతలే ప్రజాస్వామ్యాన్ని కోసుకుంటూ వచ్చిన సందర్భాలను ఎలీ రావ్, సూసన్ స్టోక్స్ పరిశీలిస్తే, ఆ ముప్పును ముందుగా చెప్పే బలమైన సంకేతాల్లో ఆదాయ అసమానత ఒకటిగా తేలింది. ముప్పు అంటే ముప్పే, తలరాత కాదు.

అపోహ: లోపం ఓటరు అవగాహనలో ఉంది, చదువు చెబితే సరిపోతుంది

ఇది మర్యాదస్తుల అపోహ. చార్లెస్ టేబర్, మిల్టన్ లాజ్ 2006లో చూపించినదాని ప్రకారం, రాజకీయ పరిజ్ఞానం ఎక్కువున్నవాళ్లే తమకు నచ్చని వాదనను తిప్పికొట్టడంలో మరింత ఆరితేరి ఉంటారు. సమాచారం ఆయుధమే కానీ, ఎటు గురిపెట్టాలో శిబిరం చెబుతుంది.

ఓటరుకు చదువు చెప్పే బదులు నియమాలు మారిస్తే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియా ఉంది. 1922 ఎన్నికల్లో ఓటేసింది 60 శాతం లోపే. 1924లో ఓటు తప్పనిసరి చేశారు, 1925లో 91 శాతం దాటింది. రాష్ట్రాలు వేర్వేరు ఏళ్లలో ఈ చట్టం తేవడాన్ని ఆసరా చేసుకుని ఆంథనీ ఫౌలర్ దాని ఫలితాన్ని కొలిచాడు. కార్మికుల పక్షాన ఉన్న లేబర్ పార్టీ ఓట్లు పెరిగాయి. దాంతోపాటు పెన్షన్ల మీద ప్రభుత్వ ఖర్చూ పెరిగింది.