భయపెడితేనే పని జరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను ఫార్మా ప్లాంట్లలో హెచ్‌ఆర్ చూస్తాను. కొత్తగా సూపర్‌వైజర్ అయిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒక సీనియర్ ఈ మాట చెప్పే ఉంటారు: "నవ్వుతూ మాట్లాడావంటే నెత్తికెక్కుతారు. కాస్త భయం ఉండాలి."

అపోహ: భయం ఉంటేనే పని జరుగుతుంది.

వాస్తవం: మీరు ఎదురుగా ఉన్నంతసేపే జరుగుతుంది. 1939లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల పిల్లల క్లబ్బుల్లో ప్రయోగం చేసి ఇదే చూసింది. పెత్తనం చేసే లీడర్ గది దాటగానే పని పడిపోయింది. పిల్లలతో మాట్లాడి నడిపించే లీడర్ బయటికెళ్లినా పని సాగింది.

అంతకంటే పెద్ద నష్టం, తప్పులు దాచేయడం. ఒక ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్‌లో రియాక్టర్ (మందు రసాయనాలు కలిపే పాత్ర) టెంపరేచర్ లిమిట్ దాటింది. వెంటనే చెబితే డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నోట్) రాసి, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు చూసి, బ్యాచ్ సంగతి తేల్చేవాళ్లు. కానీ షిఫ్ట్ ఇన్‌చార్జ్ అంతకుముందే ఇంకొకరిని అందరి ముందూ దులిపేశాడు. అది చూసి ఉన్న, ఆ రాత్రి రియాక్టర్ దగ్గరున్న ఆపరేటర్ బ్యాచ్ రికార్డులో మామూలు రీడింగే రాసేశాడు. ఇంప్యూరిటీ (మలినాలు) ఎక్కువై బ్యాచ్ ఫెయిలైంది, టెంపరేచర్‌ని దానంతటదే నమోదు చేసే రికార్డర్ ప్రింటవుట్ తీస్తే గుట్టు బయటపడింది. విచారణలో ఆ కుర్రాడి చేతులు వణుకుతూనే ఉన్నాయి. "ఫోన్ చేద్దామనే తీశాను సార్, అరుస్తారని ఆగిపోయాను" అన్నాడు. తప్పుడు రీడింగ్ రాయడం తప్పే, చర్య తీసుకోవాల్సిందే. ఇన్‌చార్జ్ అరుపుల గురించి మాత్రం రిపోర్టులో ఒక్క వాక్యం కూడా పడలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

1990లలో ఆసుపత్రి నర్సింగ్ బృందాల మీద అమెరికా పరిశోధకురాలు ఆమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధనలో, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా చెప్పారు. అందుకే "మా లైన్‌లో డీవియేషన్లే లేవు" అని ఎవరైనా గొప్పగా చెబితే నేను ముందు ఆ లైన్‌కే వెళ్తాను.

అయితే ఎవర్నీ ఏమీ అనకూడదా అంటే, అదీ అపోహే. లెవిన్ ప్రయోగంలో పిల్లల్ని వాళ్ల మానాన వదిలేసిన చోట పని బాగా తక్కువ. ఎవరైనా గ్లవ్స్ లేకుండా సాల్వెంట్ (రసాయన ద్రావకం) ముట్టుకుంటే అక్కడికక్కడే ఆపండి. రసాయనం లీకైతే చర్చలు వద్దు, ఆర్డరే వేయండి.

కొత్త సూపర్‌వైజర్లూ, టెన్షన్ పడకండి. అర్ధరాత్రి ఫోన్ మోగితే ముందు "ఎవరికీ ఏం కాలేదు కదా?" అని అడగండి. తర్వాత రీడింగులు చెప్పమనండి. తప్పు ఎవరిదో పొద్దున తేల్చుకోవచ్చు.