గప్పీ పిల్లల సంగతి

చిన్నీ, బాబీ,

తాతయ్య ఆశీస్సులు. షాపులో కొని తొట్టిలో పెంచుకుంటున్న మీ గప్పీ చేప పిల్లల్ని పెట్టిందట. "మగ చేపే లేదు కదా, పిల్లలెలా పుట్టాయి?" అని అడిగారు. ఫోన్‌లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం.

షాపు తొట్టిలో ఆడ గప్పీలూ మగ గప్పీలూ కలిసే ఉంటాయి. ఒక్కసారి జతకడితే చాలు, మగచేప బీజకణాలను ఆడచేప నెలల తరబడి ఒంట్లో దాచుకుని, వాటితోనే వరసగా చాలా కాన్పులు కంటుంది. గుడ్లు కడుపులోనే ఎదిగి పిల్లలై బయటికొస్తాయి. మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ చేపలు కూడా అంతే. గప్పీ దాదాపు నాలుగు వారాలకోసారి కంటుంది. బాగా ఎదిగిన చేపకు ఒక్కో కాన్పులో 20, 40, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పిల్లలు. కాబట్టి పిల్లలు పుట్టడానికి మీరు చేయాల్సిందేమీ లేదు. పుట్టినవాటిని దక్కించుకోవడమే మీ పని.

ఈసారి తల్లిని పక్కనుంచి గమనించండి. పొట్ట వెనక చివర, తోకవైపు ఒక నల్లటి మచ్చ ఉంటుంది. రోజులు నిండేకొద్దీ అది పెద్దదై చిక్కబడుతుంది. చేప లేత రంగుదైతే ఆ మచ్చలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి లోపలి పిల్లల కళ్ళు! అప్పటికి పొట్ట కూడా ముందువైపు గుండ్రం పోయి చదరంగా తేలుతుంది. ఇక ఏ రోజైనా కనేస్తుంది.

తల్లే పిల్లల్ని తింటోందని చిన్ని ఏడ్చిందట. ఏడవకమ్మా. కదిలే చిన్న ప్రాణి ఏదైనా వాటికి తిండే, తన పిల్లలని గుర్తుపట్టే తెలివి వాటికి లేదు. దాక్కునే చోటు చూపించాల్సింది మనం. కాన్పుకు తల్లిని విడిగా ఉంచడానికి షాపులో అమ్మే చిన్న డబ్బా, బ్రీడింగ్ బాక్స్, మాత్రం నాకు నచ్చదు. నిండు చూలాలిని అంత ఇరుకులో పెడితే టెన్షన్ పడుతుంది, కాన్పు కూడా చెడుతుంది. తొట్టిలో ఒక పక్కన జావా మాస్ అనే నాచు మొక్కను దట్టంగా వేయండి, పైన రెండు అంతరతామర మొక్కలు తేలనివ్వండి. పుట్టిన పిల్లలు ఆ వేళ్ళ మధ్యకే దూరతాయి. చెరువు మొక్కలు తెస్తే ముందు వేరే బకెట్లో కొన్ని రోజులుంచి కడిగి వేయాలి. వాటితో తూనీగ పురుగులు వస్తే పిల్లల్ని బతకనివ్వవు. పిల్లలు లోపలికి పోకుండా ఫిల్టర్ నీళ్ళు లాగే చోట స్పాంజ్ తొడగడం మరవొద్దు.

పిల్లల్ని అన్నిటినీ పట్టి వేరే తొట్టిలో పెంచితే ఇంకా మంచిది. అక్కడ నింపే నీళ్ళు తల్లి తొట్టిలోవే కావాలి. వాటర్ ప్యూరిఫయర్ నీళ్ళు శుభ్రంగా ఉంటాయని అవి పోసేరు, వద్దు. గప్పీలకు ఉప్పూ సున్నమూ ఉన్న గట్టి నీళ్ళే పడతాయి, మన బోరు నీళ్ళు సాధారణంగా సరిపోతాయి. కుళాయి నీళ్ళయితే అందులోని క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ మందు వేయాల్సిందే.

ఇక తిండి. పెద్దవాటికి వేసే రేకుల మేత, ఫ్లేక్స్‌నే వేళ్ళతో పిండిలా నలిపి, రోజుకు మూడు నాలుగుసార్లు చిటికెడు చొప్పున వేయండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన చాలామంది వేస్తారు. అది కాస్త ఎక్కువైతే రాత్రికి రాత్రే నీళ్ళు పాడవుతాయి, మీ చేతికి ఇంకా వద్దు. అన్నిటికన్నా మేలైనది ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ళలో బతికే రొయ్యలాంటి చిట్టి జీవి. లీటరు నీళ్ళలో 25 గ్రాముల కల్లుప్పు కరిగించి, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, ఎయిర్ పంప్ గొట్టం అడుగుదాకా వదలండి. మన ఎండలకు ఒక రోజు, ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. గాలి ఆపి అడుగున టార్చ్ వేస్తే పిల్లలు వెలుతురు దగ్గర చేరతాయి, ఖాళీ పెంకులు పైకి తేలతాయి. ఆ ఆర్టీమియా పిల్లల్ని సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి గప్పీ పిల్లలకు వేయండి. గప్పీ పిల్ల తిన్న నిమిషానికే దాని పొట్ట నారింజ రంగులోకి మారడం కళ్ళారా చూడొచ్చు. నాకు ఇప్పటికీ అది చూస్తే ఎంత సంతోషమో!

ఇన్నిసార్లు తింటాయి కాబట్టి మురికీ ఎక్కువే. రెండు మూడు రోజులకోసారి నాలుగో వంతు నీళ్ళు సన్న గొట్టంతో తీసి, అంతే వేడి ఉన్న కొత్త నీళ్ళు మెల్లగా పోయండి.

ఇప్పుడు బాబీ మాట. "ఎక్కువైతే చెరువులో వదిలేస్తా" అన్నాడు. అది మాత్రం చేయకు నాన్నా. గప్పీ అమెరికా ఖండంవైపు చేప. దాని చుట్టం గంబూసియాను దోమల కోసం 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లలతో పాటు మన చేపల గుడ్లనూ కప్ప పిల్లలనూ కూడా అది తింటుంది. మన చెరువుల్లోని చిట్టి చేపలకు ఆ చోటు తప్ప వేరే ఇల్లు లేదు. ఎక్కువైనవాటిని స్నేహితులకివ్వండి, లేదా షాపులో అడిగి చూడండి.

అసలు ఎక్కువ కాకుండా ఉండాలంటే, నెల దాటగానే మగవాటినీ ఆడవాటినీ విడదీయండి. మగపిల్లకు కిందివైపు రెక్క సన్నగా కడ్డీలా సాగుతుంది, తోకకు రంగులొస్తాయి. ఆడదానికి అదే రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. తేడా తెలియకపోతే దగ్గరనుంచి ఫోటో తీసి పంపండి, నేను చెబుతాను.

మీ తాతయ్య