ఏప్రిల్ 12: ఇరవై ఏళ్ళ లెక్క కుదిర్చింది ఒక బగ్

ఏటా ఏప్రిల్ 12 రాగానే ఒక మాట చాలాచోట్ల కనిపిస్తుంది. సోవియట్ వ్యోమగామి గగారిన్ తొలి మనిషిగా అంతరిక్షంలోకి వెళ్ళిన రోజునే, సరిగ్గా ఇరవై ఏళ్ళ తర్వాత, అమెరికా మొదటి స్పేస్ షటిల్ ఎగిరింది అని. నిజమే, కానీ ఆ తేదీకి ఎవరూ ముహూర్తం పెట్టలేదు. కొలంబియా అనే ఆ షటిల్ ఏప్రిల్ 10నే బయల్దేరాల్సింది.

ముందు 1961 సంగతి. మాస్కో టైం ప్రకారం ఉదయం 9:07కి బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి వస్తోక్-1 వ్యోమనౌక లేచింది. 27 ఏళ్ళ యూరీ గగారిన్ భూమిని ఒక్క చుట్టు చుట్టి, 108 నిమిషాల్లో నేల మీద ఉన్నాడు. అమెరికా కూడా అదే ప్రయత్నంలో ఉండటంతో సోవియట్ వాళ్ళకు ప్రతిరోజూ విలువైనదే, అమెరికన్ అలన్ షెపర్డ్ మే 5న వెళ్ళనే వెళ్ళాడు (కక్ష్యలోకి కాదు, పైకెళ్ళి 15 నిమిషాల్లో కిందికి వచ్చేశాడు). గగారిన్ తిరుగు ప్రయాణం మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ పుడుతుంది. విడిపోవాల్సిన వెనక భాగం పూర్తిగా విడిపోలేదు, తీగల కట్ట ఒకటి క్యాప్సూల్‌ని పట్టుకునే ఉంది, అది తెగేదాకా ఆయన గిరగిరా తిరుగుతూనే కిందికి వచ్చాడు. ఏడు కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటపడి పారాచూట్‌తో దిగాడు. పైలట్ వాహనంలోనే దిగాలని రికార్డుల నిబంధన ఉండటంతో ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి దాచారు.

ఇక 1981. షటిల్‌లో ఐదు కంప్యూటర్లు ఉండేవి. నాలుగు ఒకే సాఫ్ట్‌వేర్‌తో, ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ నడిచేవి. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుంటే నాలుగూ ఒకేసారి దెబ్బతింటాయి కదా, అందుకని ఐదోదానికి వేరే బృందంతో వేరే ప్రోగ్రామ్ రాయించారు. చాలా మంచి ఆలోచన, కానీ చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఏప్రిల్ 10న వ్యోమగాములు జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్ లోపల పడుకుని ఎదురుచూస్తుండగా కౌంట్‌డౌన్ చివర్లో ఐదో కంప్యూటర్‌కి మిగతా నాలుగింటితో టైమింగ్ కలవలేదు. వెతికితే, మొదట ఆన్ చేసిన క్షణంలోనే సెకనులో అతి చిన్న వంతు తేడా పడిందని తేలింది. అలా పడే అవకాశం 67లో ఒక్కటి. అంత అరుదుగా వచ్చే తప్పు పరీక్షల్లో పట్టుబడకపోవడంలో వింతేముంది? మళ్ళీ మొదటినుంచి ఆన్ చేస్తే చాలు, సరిపోయింది. కానీ ఆ రోజు ప్రయోగం వాయిదా పడింది, రెండు రోజులు జరిగి 12కి వచ్చింది. అంతకుముందు ఒక్కసారి కూడా ఖాళీగా కక్ష్యలోకి పంపి చూడని వాహనం అది, అందుకే ఆగి సరిచూసుకోవడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

2011లో ఐక్యరాజ్య సమితి ఈ తేదీని మానవ అంతరిక్షయాన అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. సంతోషమే, కానీ ఇదే తేదీకి అంతకన్నా పాత కబురు ఒకటి ఉంది, దాన్ని ఎవరూ తలవకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1955 ఏప్రిల్ 12న మిషిగన్ విశ్వవిద్యాలయంలో టీకా పరీక్షను నడిపిన థామస్ ఫ్రాన్సిస్ లేచి, జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకా సురక్షితం, పనిచేస్తోంది అని ప్రకటించాడు. పోలియో వల్ల కాళ్ళు చచ్చుబడిన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయి ఆ రోజుకి సరిగ్గా పదేళ్ళు. దాదాపు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్న పరీక్ష ఫలితం అది. టీకాకి లైసెన్సు కూడా ఆ రోజే ఇచ్చేశారు.