కణితి అక్కడే ఎందుకు పుడుతుంది?

మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోటికి కాస్త పైన, పాన్స్ అనే చిన్న ఉబ్బెత్తు భాగం ఉంటుంది. చూపు పక్కకు తిప్పడానికి, నవ్వడానికి, నమలడానికి, తూలకుండా నడవడానికి కావలసిన నాడులన్నీ ఆ ఇరుకులోనే సర్దుకుని ఉంటాయి. డీఐపీజీ అనే కణితి పుట్టేది సరిగ్గా అక్కడే. అదీ ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో. పెద్దవాళ్లలో ఆ చోట ఇలాంటి కణితి కనిపించడం అరుదు.

మొదట ఒక కన్ను లోపలికి తిరుగుతుంది. నవ్వితే పెదవి ఒక పక్కకే సాగుతుంది. నడక తడబడుతుంది. ఎంఆర్ఐ తీశాక తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తెలియక వైద్యులు ఎన్నో ఏళ్లు బాధపడ్డారు. ఈ జబ్బు బయటపడిన పిల్లల్లో సగం మంది ఏడాది కూడా బతకరు. కత్తితో కోసి తీసేద్దామంటే, కణితి ముద్దలా ఒకచోట ఉండదు. పాలలో నీళ్లలా మంచి కణాల మధ్య కలిసిపోయి ఉంటుంది. రేడియేషన్ ఇస్తే కొన్ని నెలలు ఊరట దొరుకుతుంది, ఆ తర్వాత మళ్లీ పెరుగుతుంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కరెన్ 1962 జనవరిలో, మూడేళ్లయినా నిండకముందే, ఈ జబ్బుతోనే చనిపోయింది. తండ్రి చంద్రుడి మీద కాలుమోపి వచ్చిన తర్వాత కూడా దశాబ్దాలపాటు వైద్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఎన్నో కీమోథెరపీ మందులు ప్రయత్నించారు. ఒక్కటీ ఆయుష్షును పెంచలేదు.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న రోజుల్లో మిషెల్ మోంజే ఈ జబ్బున్న ఒక పాపను చూశారు. ఆమె అప్పటికే వైద్య పట్టాతోపాటు పీహెచ్‌డీ కూడా చేసే దారి ఎంచుకున్నారు. పీహెచ్‌డీలో ఆమె తీసుకున్న విషయం కూడా రోగుల నుంచి వచ్చినదే: మెదడుకు రేడియేషన్ తీసుకుని బతికి బయటపడిన పిల్లల్లో జ్ఞాపకశక్తి, చురుకుదనం ఎందుకు తగ్గుతాయి? జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలను పుట్టించే మూలకణాలు రేడియేషన్ తర్వాత చెడిపోతున్నాయని, ఆ చుట్టుపక్కల రేగే వాపే అందుకు పెద్ద కారణమని ఎలుకల్లో తేలింది. వాపు తగ్గించే మందు ఇస్తే కొత్త కణాలు మళ్లీ పుట్టాయి. 2003లో వచ్చిన ఈ ఫలితం నాకు ముఖ్యంగా తోచడానికి కారణం ఉంది. జబ్బుపడిన కణం ఒక్కదాన్నే కాక దాని ఇరుగుపొరుగును కూడా చూడడం మోంజేకు అక్కడే అలవాటైంది. ఆ తర్వాత ఆమె చేసిన పనంతా ఆ చూపులోంచే వచ్చింది.

నాడీవైద్యంలో శిక్షణ ముగించుకుని స్టాన్‌ఫోర్డ్‌కు తిరిగి వచ్చాక ఆమె డీఐపీజీ మీద పని మొదలుపెట్టారు. అడ్డంకి మొదటి అడుగులోనే ఎదురైంది. పరిశోధించడానికి కణితి కణాలే లేవు. అంత సున్నితమైన చోట సూది గుచ్చడం ప్రమాదమని, ఎంఆర్ఐ చూస్తేనే జబ్బు తెలిసిపోతోందని వైద్యులు బయాప్సీ (పరీక్ష కోసం కణితి ముక్క తీయడం) మానేశారు. కణాలు లేకపోతే ప్రయోగం లేదు. ప్రయోగం లేకపోతే మందు ఎక్కడి నుంచి వస్తుంది? వేరే కణితుల మీద పనిచేసిన మందులనే ఈ పిల్లలకు ఇచ్చి చూడడం తప్ప మరో దారి ఉండేది కాదు.

ఆ అడ్డంకిని దాటించింది ఒక కుటుంబం. 2009లో, చనిపోయిన తమ బిడ్డ మెదడులోని కణితిని పరిశోధనకు ఇచ్చారు. మోంజే బృందం ఆ కణాలను ప్రయోగశాలలో బతికించి పెంచగలిగింది. బిడ్డను పోగొట్టుకున్న గంటల్లో ఇలాంటి నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో నేను ఊహించలేను. ఆ తర్వాత మరెన్నో కుటుంబాలు అదే పని చేశాయి. ఆ కణాలు ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలకు చేరాయి.

ఇప్పుడు కణాలున్నాయి. ఇక ప్రశ్న: పాన్స్‌లోనే ఎందుకు, ఈ వయసులోనే ఎందుకు? 2011లో మోంజే బృందం ఒక ఆధారం చూపింది. మెదడు ఎదుగుదలలో భాగంగా పాన్స్ ముందుభాగంలో ఒక రకం పూర్వకణాలు, అంటే ఇంకా పూర్తిగా ఎదగని కణాలు, శైశవంలో ఒకసారి, మళ్లీ ఆరేళ్ల ప్రాంతంలో మరోసారి ఎక్కువవుతాయి. కణితి కనిపించే వయసూ అదే. ఆ మరుసటి ఏడాది వేరే పరిశోధకులు ఈ కణితుల్లో అధికశాతం ఒకే జన్యులోపంతో ఉన్నాయని కనుగొన్నారు. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రోటీన్‌లో 27వ స్థానంలో లైసిన్‌కు బదులు మెథియోనిన్ ఉంటుంది. దాంతో మూసి ఉండవలసిన జన్యువులు తెరుచుకునే ఉంటాయి. ఎదిగి స్థిరపడవలసిన కణం పసితనంలోనే ఆగిపోయి విభజన చెందుతూ ఉంటుంది.

ఎదుగుతున్న మెదడులో పూర్వకణాలకు అసలు పని ఏమిటి? చాలావరకు మయలిన్ తయారీ. నాడీతంతువుల చుట్టూ తొడుగులా పరుచుకుని సంకేతాలను వేగంగా నడిపించే పదార్థం అది. ఎక్కువ వాడే నాడుల చుట్టూ మయలిన్ ఎక్కువగా చేరుతుందా అన్నది మోంజే వేసుకున్న తరువాతి ప్రశ్న. ఎలుక మెదడులో కదలికలకు సంబంధించిన భాగంలోని నాడీకణాలను కాంతితో మేలుకొలిపే పద్ధతి వాడారు. దీపం వెలిగించగానే ఎలుక గుండ్రంగా తిరుగుతుంది, ఆర్పగానే మామూలుగా నడుస్తుంది. అలా పనిచేయించిన నాడీకణాల పక్కన పూర్వకణాలు నిజంగానే విభజన చెందాయి, మయలిన్ మందమైంది. 2014లో ఇది వెలువడింది. ఒక నైపుణ్యాన్ని సాధన చేసేటప్పుడు మెదడు తన తీగలను తానే మెరుగుపరుచుకునే తీరు ఇది.

ఆ పూర్వకణాలకు దగ్గరి బంధువు కణితి కణం. అదీ ఇలాగే స్పందిస్తే? ఎలుక మెదడులో పిల్లల కణితి కణాలను నాటి, అదే దీపం వెలిగించారు. కణితి వేగంగా పెరిగింది. నాడీకణాలు చురుగ్గా ఉన్నప్పుడు న్యూరోలిజిన్-3 అనే ప్రోటీన్ బయటికి విడుదలవుతోందని, కణితి దాన్ని పెరుగుదలకు వాడుకుంటోందని 2015లో తేలింది. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో ఈ కణితులు పెరగలేకపోయాయి. అంతటితో ఆగలేదు. 2019లో మోంజే బృందమూ, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఫ్రాంక్ వింక్లర్ తదితరులూ విడివిడిగా చూపిన విషయం చాలామందిని నివ్వెరపరిచింది. రెండు నాడీకణాలు మాట్లాడుకోవడానికి ఏర్పడే సినాప్స్ లాంటి సంధినే నాడీకణం కణితి కణంతోనూ ఏర్పరుస్తోంది. అంటే కణితి మెదడు తీగల్లోకి తనను తాను కలుపుకుని, ఆలోచనకూ కదలికకూ ఉద్దేశించిన విద్యుత్తును దారి మళ్లించుకుంటోంది. మూర్ఛకు వాడే పెరంపానెల్ అనే మందుతో ఆ సంధిని అడ్డుకుంటే ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గింది. ఈ పరిశోధనలకే మోంజే, వింక్లర్ ఇద్దరికీ 2025లో, మెదడు పరిశోధనకు ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది.

మరోవైపు, రోగులకు ఇప్పుడే ఏదైనా చేయాలన్న ఆరాటం ఆమెను ఇంకో దారి పట్టించింది. దానమిచ్చిన కణాలను పరీక్షిస్తే, వాటి పైపొర మీద జీడీ2 అనే చక్కెర-కొవ్వు పదార్థం విపరీతంగా ఉందని తెలిసింది. రోగి సొంత టీ కణాలను (జబ్బు కణాల మీద దాడి చేసే రోగనిరోధక కణాలను) తీసి, జీడీ2ను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కిస్తే? స్టాన్‌ఫోర్డ్‌లోనే పనిచేసే క్రిస్టల్ మాకాల్‌తో కలిసి ఎలుకల్లో చేసిన ఆ ప్రయత్నంలో కణితులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కానీ కొన్ని ఎలుకలు చనిపోయాయి. టీ కణాలు దాడి చేసినచోట వాపు వస్తుంది. పాన్స్‌లో వాపు వస్తే మెదడు ద్రవం కదిలే దారి మూసుకుపోతుంది. 2018లో వెలువడిన ఆ ఫలితం ఆశనూ, హెచ్చరికనూ ఒకేసారి ఇచ్చింది. అందుకే 2020లో రోగులతో పరీక్ష మొదలైనప్పుడు ప్రతి దశలోనూ జాగ్రత్తలు ముందే సిద్ధం చేసుకున్నారు. నెత్తి చర్మం కింద చిన్న గిన్నెలాంటి పరికరం అమర్చారు. ఒత్తిడి పెరిగితే దానిలోంచి మెదడు ద్రవాన్ని బయటికి తీసేయవచ్చు.

2024లో ప్రకటించిన వివరాల ప్రకారం, చికిత్స అందుకున్న 11 మంది పిల్లలు, యువకుల్లో తొమ్మిది మందికి నాడీసంబంధ లక్షణాలు మెరుగయ్యాయి. నలుగురిలో కణితి సగానికి పైగా కుంచించుకుపోయింది. వారిలో ఒకరికి పూర్తిగా కనుమరుగై, పరీక్షలో చేరిన 30 నెలల తర్వాత కూడా తిరిగి రాలేదు. మిగతావారి విషయంలో ఫలితం అంత గట్టిగా నిలవలేదు. ఈ జబ్బు చరిత్ర తెలిసినవారికి ఆ ఒక్కరు ఎంత పెద్ద వార్తో వేరే చెప్పనవసరం లేదు. అయినా అదే జీడీ2, అదే చికిత్స ఒకరిలో ఇంతగా పనిచేసి మరొకరిలో ఎందుకు పనిచేయదన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న. ప్రమాదం వస్తే ద్రవం తీయడానికి అమర్చిన ఆ చిన్న గిన్నె ద్వారానే తర్వాతి మోతాదుల టీ కణాలను నేరుగా మెదడు ద్రవంలోకి పంపిస్తున్నారు. అందులోంచే కొద్దిగా ద్రవాన్ని తీసి ప్రయోగశాలకు చేరుస్తున్నారు. అందులో తేలే ఒక్కో కణంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివి, ఎవరి మెదడులో ఏ రోగనిరోధక కణాలు పోరాడుతున్నాయో, ఏవి ఆ పోరాటాన్ని అణచివేస్తున్నాయో పోల్చి చూస్తున్నారు.