విడాకుల డిక్రీతో హోమ్ లోన్‌లో పేరు పోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటి రుణాల విభాగంలో పనిచేసేవారికి ఏడాది పొడవునా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. భార్యాభర్తలు విడిపోయారు, జాయింటు హోమ్ లోన్ మిగిలింది, ఇద్దరిలో ఒకరి పేరు తీయించుకోవాలి, ఎలా అని. అడిగేవారు చాలాసార్లు డిక్రీ నకలు వెంట తెచ్చుకుంటారు. "సదరు గృహ రుణంతో రెండవ పిటిషనరుకు ఇకమీదట ఎట్టి సంబంధమూ లేదు" అనే వాక్యం కింద పసుపుపచ్చ మార్కరుతో గీత కూడా గీసి ఉంచుతారు. ఆ కాగితం చూపగానే పేరు తొలగిపోతుందని వారి నమ్మకం. ఆ నమ్మకం వల్ల నష్టపోయినవారిని చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: కోర్టే చెప్పింది కనుక అప్పు ఇక నాది కాదు.

వాస్తవం: పరస్పర అంగీకార విడాకుల కేసులో పిటిషనర్లు ఇద్దరే, భార్య, భర్త. బ్యాంకు ఆ కేసులో కక్షిదారు కాదు, ఆ షరతులకు సంతకం పెట్టలేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 43వ సెక్షన్ ప్రకారం కలిసి అప్పు తీసుకున్నవారిలో ఎవరి దగ్గరినుంచైనా మొత్తం బాకీని రాబట్టుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. "నా సగం నేను కట్టేశాను" అనే మాట కూడా ఇందుకే చెల్లదు. బ్యాంకు పుస్తకాల్లో సగాలు ఉండవు. పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావాలంటే దానికి సంబంధించిన వారందరూ ఒప్పుకోవాలని అదే చట్టంలోని 62వ సెక్షన్ చెబుతుంది, ఆ అందరిలో బ్యాంకూ ఒకటి. డిక్రీలోని షరతును అవతలివారు ఉల్లంఘిస్తే మీరు వారిపై కోర్టుకు వెళ్లవచ్చు, కట్టిన డబ్బు వారినుంచి రాబట్టుకోవచ్చు. కానీ ఆ డిక్రీని అడ్డుపెట్టి బ్యాంకు నోటీసును ఆపలేరు.

ఇది తెలియకపోవడం ఒక నష్టం. దీనికి తోడు ఇంటిలో హక్కును ముందే వదులుకోవడం అంతకంటే పెద్ద నష్టం. కొడుకు ఇంజినీరింగ్ చదువుకు ఎడ్యుకేషన్ లోన్ కోసం ఒక టీచరు మా శాఖకు వచ్చారు. ఆమె సిబిల్ రిపోర్టు, అంటే అప్పులు, చెల్లింపుల చరిత్ర, తీసి చూస్తే, ఎప్పుడో ముగిసిపోయిందని ఆమె అనుకున్న హోమ్ లోన్ ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదా ఎన్ని రోజులు మీరిందో నెలవారీగా చూపే గడులలో 000, 000, ఆ తరువాత 029, 058, 089. మరొక్క వాయిదా తప్పితే 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. విడాకులు వచ్చిన నెలలోనే ఆమె సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి తన వాటాకు హక్కు విడుదల దస్తావేజు రాసి ఇచ్చేశారు. మాజీ భర్తకు ఉద్యోగం పోయిన సంగతి ఆమెకు ఆ రోజు వరకు తెలియదు. "ఇల్లు ఆయనది, అప్పు మాత్రం ఇద్దరిదీ ఎలా అవుతుంది సార్?" అని అడిగారు. న్యాయంగా చూస్తే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. చట్టం ప్రకారం మాత్రం జవాబు ఆమెకు అనుకూలంగా లేదు. చివరకు ఆమె, ఆమె తమ్ముడు కలిసి బకాయిలు కట్టి ఖాతాను నిలబెట్టారు, ఆ తరువాత మాజీ భర్తే ఇల్లు అమ్మి లోన్ తీర్చారు. ఇల్లూ డబ్బూ రెండూ పోయినవి ఆమెకే.

అందుచేత వరుస ముఖ్యం: ముందు బ్యాంకు లిఖితపూర్వక అంగీకారం, ఆ తరువాతే హక్కు విడుదల. ఇల్లు ఉంచుకునే వ్యక్తి తన ఒక్కరి ఆదాయంతో ఆ అప్పును మోయగలరా అని బ్యాంకు కొత్త లోన్‌ను పరిశీలించినట్లే మళ్లీ పరిశీలిస్తుంది. జీతం స్లిప్పులు, ఫారం 16, ఐటీ రిటర్నులు, సిబిల్, అవసరమైతే ఇంటి విలువ మదింపు, లీగల్ ఒపీనియన్ అన్నీ మొదటినుంచి వస్తాయి. బాకీ 50 లక్షలు, మిగిలిన గడువు 20 ఏళ్లు, వడ్డీ 8.5 శాతం అనుకుంటే ఈఎంఐ 43 వేల పైచిలుకు అవుతుంది. ఇద్దరి జీతాలు కలిసి లక్షా ముప్పై వేలు ఉన్నప్పుడు అది పెద్ద భారం కాదు. మిగిలిన ఒక్కరి జీతం 60 వేలే అయితే అందులో 72 శాతం ఈఎంఐకే పోతుంది, అటువంటి దరఖాస్తుకు ఏ అధికారీ సంతకం పెట్టరు. అప్పుడు మిగిలే దారులు మూడు: కొంత అసలు ఒక్కసారిగా కట్టడం, తోబుట్టువునో తల్లిదండ్రులనో కో-బారోయర్‌గా (సహ రుణగ్రహీతగా) చేర్చడం, లేదా ఇల్లు అమ్మి అప్పు తీర్చి మిగిలింది పంచుకోవడం. తండ్రిని చేర్చుదామనుకునేవారు ఆయన వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే రుణం ముగియవలసిన గరిష్ఠ వయసు ఒకటి ప్రతి బ్యాంకుకూ ఉంటుంది. మూడో దారి పేరెత్తితేనే చాలామందికి కోపం వస్తుంది గాని, నా అనుభవంలో తరచుగా ఇద్దరినీ బయటపడేసేది అదే.

ఆదాయం సరిపోయేవారికి నేను ఎక్కువగా సూచించేది వేరే బ్యాంకుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. కొత్త బ్యాంకు ఒక్కరి పేరుతో రుణం మంజూరు చేసి పాత బాకీ మొత్తం కట్టేస్తే పాత ఒప్పందమే ముగిసిపోతుంది, అందులోంచి పేరు తీయమని ఎవరినీ బతిమాలనక్కరలేదు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది కనుక ఆ భయమూ అనవసరం. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చులు మాత్రం ఉంటాయి. మంజూరు పత్రం చేతికి వచ్చాక, వీలైతే రుణం విడుదలయ్యే రోజునే, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు అయ్యేట్లు రెండు పక్షాలూ ముందే మాట్లాడుకోవాలి. అప్పు తీరిన 30 రోజులలో ఒరిజినల్ దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

అపోహ: డిక్రీలో ఇల్లు నాకు రాశారు కనుక రిజిస్ట్రేషన్ అక్కరలేదు.

వాస్తవం: రాజీ డిక్రీలకు రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు, ఆ కేసుకు విషయమైన ఆస్తి వరకే. విడాకుల పిటిషనుకు విషయం వివాహం. కాబట్టి దస్తావేజు రాయించుకోవడమే క్షేమం. అది లేకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు మొదట అడిగేది దాన్నే. స్టాంపు డ్యూటీ సంగతి కూడా సంతకానికి ముందే కనుక్కోవాలి, ఎందుకంటే డిక్రీ వచ్చాక మీరు భార్యాభర్తలు కారు, కుటుంబసభ్యుల మధ్య దస్తావేజులకున్న రాయితీ మీకు దక్కకపోవచ్చు.

అపోహ: ఈఎంఐ ఆపేస్తే అవతలివారు, బ్యాంకు దిగి వస్తారు.

ఈ సలహా ఎవరు పుట్టించారో గాని, వాట్సాప్‌లో మాత్రం బాగా తిరుగుతోంది. ఆపితే ఇద్దరి సిబిల్ పాడవుతుంది. 90 రోజులు దాటాక సర్ఫేసీ చట్టం, 2002 కింద 60 రోజుల నోటీసు వస్తుంది, ఆ తరువాత బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. ఇద్దరి మధ్య పోరు ఎవరు గెలిచారన్నది వేలంపాటకు అక్కరలేదు. నోటరీ అఫిడవిట్ పంపితే పేరు పోతుందన్నది కూడా ఇదే కోవలోని మాట. మేము దాన్ని ఫైల్లో పెట్టుకుంటాము, అంతకు మించి జరిగేదేమీ లేదు.

మిగిలినవి క్లుప్తంగా. గ్యారంటరుగా సంతకం చేసినవారి బాధ్యత కూడా అప్పు తీసుకున్నవారితో సమానమే. ఇంట్లో వాటా లేకపోయినా కో-బారోయర్ కో-బారోయరే. అవతలివారు అమెరికాలోనో మరెక్కడో ఉంటే వారి పవర్ ఆఫ్ అటార్నీ మీద, అది భారతదేశానికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించాలి. గృహహింస చట్టం, 2005 కింద ఒక స్త్రీకి ఆ ఇంట్లో నివసించే హక్కు ఉత్తర్వుగా రావచ్చు, అయితే అది అప్పు లెక్కను మార్చదు.

ఇంకా విడాకుల ఒప్పందం రాసుకునే దశలోనే ఉన్నవారు మీ లాయరుతో ఈ సంగతులు చెప్పి రాయించండి: లోన్ ఎవరు కడతారు, ఏ తేదీలోగా తమ ఒక్కరి పేరుకు మార్చుకుంటారు, మార్చుకోలేకపోతే ఇల్లు ఎప్పటిలోగా అమ్మాలి, అంతవరకు వాయిదా తప్పితే ఎవరు భరించాలి. బ్యాంకు చెప్పేవరకు ఆగకుండా మీ ఫోను నంబరు, చిరునామా లోన్ ఖాతాలో మార్పించుకోండి, వాయిదా తప్పిన మెసేజి మీకూ వస్తుంది. పేరు తొలగించినట్లు బ్యాంకు లేఖ ఇచ్చిన తరువాత నెలా రెండు నెలలు ఆగి సిబిల్ రిపోర్టు తీసుకోండి. లోన్ ఇంకా కనిపిస్తే ఆ లేఖ జతచేసి ఫిర్యాదు పెట్టండి, దాన్ని 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.