ఆ వంద కొండమేకల సంతానం

ఇటలీలో చింజినో అని ఒక డ్యామ్ ఉంది, దాని గోడ మీద మేకలు బల్లుల్లా అతుక్కుని తిరిగే ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. దాదాపు నిట్టనిలువు రాతిగోడ, 50 మీటర్ల ఎత్తు. ఫేక్ ఏమో అనిపిస్తుంది గానీ నిజమే, అవి ఆల్ప్స్ పర్వతాల్లో ఉండే ఐబెక్స్ అనే అడవి కొండమేకలు. అక్కడ అవి మేసే గడ్డిలో ఉప్పు సరిపోదు, అందుకే గోడ రాళ్ళ మీద పేరుకున్న లవణాలు నాకడానికి అంత పైకి ఎక్కుతాయి. ఎక్కేవి ఎక్కువగా ఆడమేకలు, పిల్లలే, పోతులైతే 100 కిలోల దాకా తూగుతాయి, పైగా మీటరు పొడవు కొమ్ములు. గిట్ట అంచు గట్టిగా ఉండి రాతి సందుల్లో దిగుతుంది, లోపలి భాగం రబ్బరులా మెత్తగా ఉండి జారకుండా పట్టుకుంటుంది.

చలికాలం వస్తే ఇవి కిందకి పారిపోవు. మంచు నిలవకుండా జారిపోయే ఎండ తగిలే వాలులు వెతుక్కుంటాయి, ఒంటి వేడి కొంచెం తగ్గించుకుంటాయి, గుండె వేగమైతే వేసవిలో ఉన్నదాంట్లో సగం కంటే తక్కువకి పడిపోతుంది, పొద్దున్నే ఎండలో కూర్చుని ఒళ్ళు కాచుకుంటాయి.

ఇంత గట్టి జంతువు మనిషి చేతిలో మాత్రం దాదాపు అంతమైపోయింది. తుపాకులు వచ్చాయి, దానికి తోడు ఐబెక్స్ రక్తం, కొమ్ములు, కడుపులో దొరికే రాళ్ళు అన్నీ మందే అని నమ్మకం. 1800ల మొదట్లో ఆల్ప్స్ మొత్తంలో మిగిలినవి వంద లోపే అంటారు, అవి కూడా ఇటలీలోని గ్రాన్ పారదీసో కొండల్లోనే. 1821లో అక్కడ వేట నిషేధించారు, 1856లో రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ 2 ఆ కొండల్ని తన సొంత వేటకి రిజర్వ్ చేసుకుని కాపలా పెట్టాడు. తన వేట కోసమే చేశాడు, అయినా జాతి నిలిచింది. 1922లో అదే చోటు ఇటలీకి మొదటి నేషనల్ పార్క్ అయింది. స్విట్జర్లాండ్ వాళ్ళు మేకలు అమ్మమంటే రాజు కుటుంబం ఒప్పుకోలేదు, దాంతో 1906లో పిల్లల్ని దొంగతనంగా సరిహద్దు దాటించి జూలో పెంచి 1911లో కొండల్లోకి వదిలారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి గ్రాన్ పారదీసోలో అప్పటిదాకా పెరిగిన మందలు మళ్ళీ 419కి పడిపోయాయి. ఈరోజు ఆల్ప్స్ అంతటా 50 వేలు పైనే ఉన్నాయి.

ఆ నంబర్ చూసి నాకూ చాలా సంతోషం వేసింది, కానీ ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఈ 50 వేలూ ఆ వంద మేకల వంశమే, ప్రతి కొత్త కొండకీ కొన్నిట్నే తీసుకెళ్ళి వదిలారు కాబట్టి దగ్గర చుట్టాల మధ్యే సంతానం పెరిగింది. మేనరికాలు తరతరాలుగా చేసుకుంటే ఏమవుతుందో మన ఇళ్ళల్లో డాక్టర్లు చెప్తూనే ఉంటారు కదా, అదే సంగతి. జన్యువులు చదివి చూస్తే చిత్రంగా, బాగా ప్రమాదకరమైన లోపాలు చాలావరకు వడకట్టుకుపోయాయి, అవి ఉన్న పిల్లలు బతకవు కాబట్టి. చిన్నచిన్న లోపాలు మాత్రం పోకుండా పేరుకుపోయాయి. ఇంకో విషయం, రోగనిరోధక శక్తికి సంబంధించిన ఒక జన్యుభాగం వీటికి ఎప్పుడో పెంపుడు మేకలతో కలిసినప్పుడు వచ్చింది, వైవిధ్యం అంత తక్కువున్న జాతికి అది వరమనే నేననుకుంటాను. అందుకే తలకాయలు లెక్కపెట్టి జాతి బాగుపడిపోయింది అనేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు వచ్చిన కష్టం ఎండ. ఇంత లావు ఒంటికి వేడి అస్సలు పడదు. మంచు తొందరగా కరిగితే లేత గడ్డి కూడా తొందరగా ముదిరిపోతుంది, జూన్‌లో పుట్టే పిల్లలకి పాలిచ్చే తల్లికి సరైన మేత దొరకదు. వేడి రోజుల్లో ఇవి పైపైకి ఎక్కుతున్నాయి, ఎక్కి ఎక్కి చివరికి గడ్డే లేని రాళ్ళు వస్తాయి. పగలు మేయలేక రాత్రుళ్ళు మేయడం కూడా పెరిగింది, తోడేళ్ళు తిరిగే చోట్ల కూడా.